నాలుగు నిమిషాలకోసారి

మా ఇంట్లో ప్రతి అరగంటకీ మూడు నిమిషాలపాటు ఎవరూ నోరెత్తకూడదు. అది నా చట్టం. గోడమీది పాత గడియారానికి పన్నెండు దగ్గరా ఆరు దగ్గరా ఎర్రరంగు పూసి ఉంటుంది. పెద్దముల్లు ఆ ఎరుపులో ఉన్నంతసేపూ సముద్రంమీద ఓడలన్నీ మాటలు ఆపేసేవి. ఎక్కడో ఎవరో ప్రాణంమీదికొచ్చి సన్నగా పిలిస్తే, మిగతావాళ్ళ కబుర్లలో అది మునిగిపోకూడదని ఆ ఏర్పాటు. ఇప్పుడా పద్ధతి పోయింది. పిలుపులన్నీ యంత్రాలే పంపుకుంటాయి, యంత్రాలే వింటాయి. మత్స్యకార సంఘం రేడియో గదిలో నేను ముప్పై ఒక్కేళ్ళు కూర్చున్నాను. వచ్చేసేరోజున ఈ గడియారాన్ని చెత్తలో పడేస్తామన్నారు. చంకలో పెట్టుకుని తెచ్చేసుకున్నాను.

"ముల్లు ఎరుపులో ఉంది. కూర మింగొచ్చా, లేకపోతే మూడు నిమిషాలు బుగ్గన పెట్టుకోమంటావా?" అంటాడు మా ఆయన తోకుజి, భోజనాల దగ్గర.

"నీ కబుర్లు వినలేక చేపలే వలల్లో పడి చస్తున్నాయి. మాట్లాడకుండా మింగు," అంటాను నేను.

మాది హొక్కైదో తూర్పు కొసన తొయొసాకి రేవు. తోకుజి పడవల రేడియోలు బాగుచేసేవాడు. ఇప్పుడు వేళ్ళు వణుకుతాయి కాబట్టి పాత సామాను కొట్లో పెట్టుకుని కూర్చుంటాడు. నేను వెనకగదిలో ఒక రేడియో, ఒక కంప్యూటర్ పెట్టుకున్నాను. పెరట్లో స్తంభానికి కట్టిన తీగ సముద్రంమీది కూతలన్నీ పట్టుకొస్తుంది. చెవికి అవి కీచురాళ్ళ గోల. కంప్యూటర్ వాటిని అక్షరాలు చేస్తుంది. తుఫాను హెచ్చరికలు, కొట్టుకుపోతున్న దుంగల కబుర్లు, ఏ ఓడ ఏ ఓడని పిలుస్తోందో ఆ అంకెలు. పొద్దున్నే వాతావరణ పటం ఒక్కొక్క గీతగా పైనుంచి కిందికి దిగుతుంది. అది కాగితంమీద తీసి సంఘం తలుపుకి అంటించి వస్తాను. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, ఎవడూ చూడడని నాకూ తెలుసు. కొబుషి రేవు గిస్కె ఒక్కడే దాని ముందు నిలబడి, కళ్ళజోడు నుదుటిమీదికి తోసి, మొత్తం చదువుతాడు.

"చిసె అక్క కాగితం చూడందే నేను తాడు విప్పను," అంటాడు.

గిస్కెకి డెబ్భై నాలుగేళ్ళు. భార్య ఫుసాతో కలిసి చిన్న పడవలో ఆక్టోపస్‌లు పడతాడు. ఆ పడవలో వాళ్ళిద్దరే. పోయిన శరదృతువులో మూడుసార్లు మా గుమ్మంలో ఆక్టోపస్ కాలు, ఒక్కోటి నా చెయ్యంత లావుది, పెట్టి వెళ్ళాడు. ఎందుకయ్యా ఇంత ప్రేమ అని తోకుజిని అడిగితే, "ఏదో రేడియో చూసిపెట్టాలే," అన్నాడు, నావైపు చూడకుండా. నేనూ సాగదీయలేదు. ఉడకబెట్టాను, తిన్నాం.

ఇక మిసావో సంగతి. మిసావో నా మరదలు, మా తమ్ముడు షుకిచి భార్య. ఆరేళ్ళ కిందట జనవరిలో షుకిచి పడవ చిదోరి మారు, రెండొందల మైళ్ళ అవతల, నలుగురితో సహా మాయమైంది. చెక్కముక్క కూడా దొరకలేదు. ఆపద పిలుపు కూడా రాలేదు. ఆ రాత్రంతా రేడియో గదిలో నేనే ఉన్నాను. పిలిచీ పిలిచీ నా గొంతే పోయింది. ఆ తర్వాత మిసావోని మా ఇంటికి తెచ్చేసుకున్నాం. మేడమీద గది ఆమెది. కింద పూజ అలమరలో షుకిచి ఫోటో. రోజూ దానిముందు వేడి అన్నం పెడుతుంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ చిదోరి మారుకి ప్రభుత్వం ఇచ్చిన రేడియో సంఖ్యని మాత్రం రద్దు చేయించలేదు. తొమ్మిది అంకెలు, చివర నాలుగు, సున్నా, ఏడు. ఏటా కాగితం వస్తుంది, ఏటా రుసుం కట్టేస్తుంది.

"రద్దుచేస్తే, ఆయన పిలిస్తే ఎవరో ఏమిటో తెలియదు కదా వదినా," అంది ఒకసారి.

చెయ్యి పట్టి కాగితంమీద సంతకం పెట్టించాల్సింది. పెట్టించలేదు. ఇంటెడు దుఃఖంలో ఒక్క కాగితం ఏం చేస్తుందిలే అనుకున్నాను.

అక్టోబరులో ఒక సోమవారం పది గంటలకి నేను వెనకగదిలో చిక్కుడుగింజలు ఏరుతున్నాను. కంప్యూటర్ తెరమీద ఒక వరస పడింది. పరీక్ష పిలుపు, అంటే యంత్రం పనిచేస్తోందా లేదా అని పడవలు మామూలుగా చూసుకునేదే. పిలిచిన పడవ సంఖ్య చివర నాలుగు, సున్నా, ఏడు. మొదట్నుంచీ చదివాను. వెనక్కి చదివాను. గింజలన్నీ ఒళ్ళోంచి నేలమీదికి జారిపోయాయి.

తోకుజిని కేకేశాను. వచ్చి చూశాడు. ముఖం పాలిపోయింది.

"యంత్రం తప్పు. అంకెలు కలగాపులగం అయ్యుంటాయి. చెరిపేసెయ్," అన్నాడు.

"తొమ్మిది అంకెలూ వరసగా కలగాపులగం అవుతాయా? బుర్రుందా నీకు?"

"నీకుంటే నాకెందుకు," అని కొట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

మిసావోకి చెప్పకుండా ఉండాల్సింది. నా నోరు ఊరుకుంటేగా! మరుసటి సోమవారం పదింటికి తను నా పక్కనే కూర్చుంది. మళ్ళీ వచ్చింది. అదే సంఖ్య, అదే పరీక్ష పిలుపు. మిసావో ఏడవలేదు. తెరని వేలితో తాకి, "చలేస్తోందేమో ఆయనకి," అంది.

అప్పట్నుంచీ ప్రతి సోమవారం మా ఇంట్లో అదొక వ్రతమైపోయింది. మిసావో తెల్లవారుజామునే లేచి తల దువ్వుకునేది. సముద్రపు నాచు చుట్టిన అన్నం ముద్దలు రెండు, టీ ఒక కప్పు కంప్యూటర్ ముందు పెట్టేది. పది అవుతుంది. వరస పడుతుంది. "వచ్చారు," అనేది. టీ చల్లారేదాకా కూర్చుని, ఆ ముద్దలు నాకొకటి పెట్టి తనొకటి తినేది. తినకపోతే బాధపడుతుందని తినేదాన్ని. నవంబరులో ఒక సోమవారం గాలి బాగా ఎక్కువగా ఉంది, పిలుపు రాలేదు. ఆవేళ మిసావో పస్తు ఉండిపోయింది. గాలిగా ఉన్నరోజున చిన్న పడవలు రేవు కదలవు. ఆ సంగతి ఆవేళ నా బుర్రకి తట్టలేదంటే నామీద నాకే ఒళ్ళు మండిపోతోంది.

ఇది తీరరక్షక కార్యాలయానికి చెప్పాలి. మునిగిన పడవ సంఖ్య గాలిలో వినపడితే చెప్పితీరాలి. రేడియో గదిలో కొత్తగా చేరిన పిల్లలకి మొదటిరోజు నేను నేర్పిన పాఠమే అది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. మిసావో నా మణికట్టు పట్టుకుంది.

"చెబితే సంఖ్య కొట్టేస్తారు వదినా. ఆరేళ్ళకి దారి తెలిసింది ఆయనకి. మళ్ళీ మూసెయ్యకు."

ఫోన్ పెట్టేశాను. మరదలి మీద జాలితోనే పెట్టేశానని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. అది సగమే నిజం. ఆ రాత్రి గొంతు పోయేదాకా పిలిచినదాన్ని నేను. నాకూ వాడు జవాబివ్వాలని ఉండేది.

జనవరి ఇరవై. ఆరేళ్ళు నిండాయి, ఏడో ఏటి పూజ. పొద్దున దిగిన వాతావరణ పటంలో గీతలు ఒకదానిమీదొకటి పడేంత దగ్గరగా ఉన్నాయి. మధ్యాహ్నానికి గాలి తిరుగుతుంది, చలికి పడవలమీద నీటితుంపరలు మంచు కడతాయి అని దాని అర్థం. పూజ వంటల హడావిడిలో పడి ఆ కాగితాన్ని సంఘం తలుపుకి అంటించలేదు. ఎవడు చూస్తాడులే అనుకున్నాను.

ఒంటిగంటన్నరకి గురువుగారు అలమర ముందు కూర్చుని మంత్రం మొదలుపెట్టారు. మేం ముగ్గురం జపమాలలు చేతికి చుట్టుకుని వెనక కూర్చున్నాం. మిసావో తెల్లవారినుంచీ వండినవన్నీ షుకిచి ఫోటో ముందు వరసగా పెట్టింది. వెనకగదిలో యంత్రం కట్టెయ్యలేదు. మా ఇంట్లో దాన్ని ఎప్పుడూ కట్టెయ్యం.

ఒంటిగంట నలభై ఒకటికి అది అరిచింది. పరీక్ష పిలుపుకి తెరమీద వరస పడుతుందంతే, చప్పుడుండదు. ఇది ఆపద పిలుపు, రెండు స్వరాల్లో గగ్గోలు పెడుతుంది. గురువుగారు తల తిప్పలేదు. నేను లేచి మోకాళ్ళు పట్టుకుంటూ వెనకగదికి పరిగెత్తాను. తెరమీద ఎర్ర అక్షరాలు: ఆపద. మునిగిపోతున్నాం. ఫలానా చోట. సంఖ్య చివర నాలుగు, సున్నా, ఏడు.

మిసావో నా వెనకే వచ్చింది. చదివింది. రెండు చేతులూ జోడించి తెరకి నడుం వంచి దణ్ణం పెట్టింది.

"పూజకి వచ్చారు," అంది. "ఆరోజు పిలవలేకపోయారు కదా. ఇవాళ పిలుస్తున్నారు."

నేనేం చెయ్యాలో నాకు తెలుసు. ఆపద పిలుపు ఎవరిదని అడక్కూడదు, ఎందుకని అడక్కూడదు, ముందు అందుకోవాలి. ముప్పై ఒక్కేళ్ళు చేసిన పని. ఫోన్ మూరెడు దూరంలో ఉంది. నేను ఫోన్ అందుకోలేదు. పక్కనున్న అగరొత్తి వెలిగించి కంప్యూటర్ ముందు గుచ్చాను. కళ్ళు మూసుకుని, "షుకిచీ, విన్నానురా, ఇన్నాళ్ళకి విన్నాను," అన్నాను. ఏడుపు ముంచుకొచ్చింది. ఏడ్చాను, ఏం సుఖంగా ఏడ్చానో చెప్పలేను.

ఈ ఆపద మీట ఒకసారి నొక్కితే, అవతలినుంచి అందుకున్నామని ఎవరైనా జవాబిచ్చేదాకా యంత్రం తనంతట తనే మళ్ళీ మళ్ళీ పిలుస్తుంది, సుమారు నాలుగు నిమిషాలకోసారి. ఒంటిగంట నలభై అయిదుకి రెండోసారి అరిచింది. అప్పుడే మిసావో నడుముపట్టీలో దోపుకున్న ఫోన్ మోగింది. నడవలోకి వెళ్ళి మాట్లాడింది. తలుపు తీసే ఉంది, నాకన్నీ వినపడుతున్నాయి.

"అవునండీ, చిదోరి మారు మాదే... ఆఁ, సముద్రంమీదే ఉంది... లేదులెండి, కంగారేం లేదు. ఆయన ఇంటికొస్తున్నారు. వంటంతా అయిపోయింది."

ఎవరు చేశారో నాకు చెప్పక్కర్లేదు. ఆపద పిలుపు అందగానే తీరరక్షకులు ముందు ఆ సంఖ్య కాగితాల్లో రాసున్న ఇంటికి ఫోన్ చేస్తారు. పొరపాటున మీట తగిలే పడవలు వందలకొద్దీ ఉంటాయి మరి. కాగితాల్లో ఉన్నది మిసావో నంబరే. ఇంటి మనిషే ప్రమాదం లేదంటే వాళ్ళు మాత్రం ఏమనుకుంటారు? లేచి ఆ ఫోన్ లాక్కోవాల్సిందా, లేదా? లాక్కోలేదు. మిసావో తిరిగొచ్చి నా పక్కన చతికిలబడింది. ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని, నలభై తొమ్మిదికి వచ్చిన మూడో పిలుపు కూడా విన్నాం. ముందుగదిలో మంత్రం సాగుతూనే ఉంది.

తోకుజి విసుక్కుంటూ వచ్చాడు.

"ఏమే, గురువుగారు అగరొత్తులకి పిలుస్తున్నారు, ఇద్దరూ ఇక్కడ..." అని ఆగిపోయాడు. తెర చూశాడు.

"గిస్కె," అన్నాడు. "అది గిస్కె!"

"ఏం వాగుతున్నావయ్యా? సంఖ్య చూడు, షుకిచిది."

"రేడియో పెట్టె షుకిచిది! పాత పెట్టె!" జపమాల విసిరికొట్టాడు. "వాడు పోయేముందు ఏడాది వాడి పడవలో పాతది పీకి కొత్తది పెట్టానా? ఆ పాతది వాడి సంఖ్యతోనే కొట్లో ఉండిపోయింది. సెప్టెంబరులో గిస్కె అడిగితే బిగించిపెట్టాను. సంఖ్య చెరపాలంటే తయారీవాళ్ళకి పంపాలి, కాగితాలు రాయాలి. ముసలాడు, రేవు దాటి పదిమైళ్ళు పోడు, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నా. నువ్వు మొదటిసారి చూపించిననాడే చెబుదామనుకున్నానే. మిసావో ముఖం చూసి నోరు రాలేదు. ఫోన్ చెయ్యవే, ఫోన్!"

ఆక్టోపస్ కాళ్ళు. సోమవారం పదింటికి పరీక్ష. గాలిరోజున రాని పిలుపు. అప్పుడు, అప్పుడే, నేను ఆ ఫలానా చోటు అంకెలు చదివాను. షుకిచి పోయిన రెండొందల మైళ్ళ అవతల కాదది. కొబుషి కొండకొమ్ముకి ఎదురుగా, ఆరు మైళ్ళు. అంతసేపూ అది నా కళ్ళముందే ఉంది. నేను దానికి దణ్ణం పెడుతూ కూర్చున్నాను.

ఫోన్ నొక్కుతుంటే నాలుగో పిలుపు వచ్చింది. ఒంటిగంట యాభై మూడు. అవతలి మనిషి గొంతులో సందేహం వినిపించగానే అరిచాను, "నేను తొయొసాకి చిసెని. సంఖ్య పాతది, మనుషులు బతికున్నవాళ్ళు, ఇద్దరు. ఇందాకటి మాట నమ్మకండి. ఇప్పుడే పంపండి!" వాళ్ళు మారు మాట్లాడలేదు, పంపారు. సంఘానికి చేశాను, రేవులోంచి రెండు పడవలు కదిలాయి. పెట్టేసి తెరముందు కూర్చున్నాను. యాభై ఏడు అయింది. రెండు దాటింది. అయిదో పిలుపు రాలేదు.

మిసావో అప్పటిదాకా కదల్లేదు. మెల్లిగా లేచి, కంప్యూటర్ ముందు కాలుతున్న అగరొత్తిని తీసి నీళ్ళలో ముంచింది.

"అంటే ఆయన కాదన్నమాట," అంది. "నేను మాట్లాడింది... వాళ్ళగురించా, వదినా?"

తడిసిన అగరొత్తిని ఆమె చేతిలోంచి తీసుకున్నాను.

రెండూ నలభైకి ఫుసాని నీళ్ళలోంచి తీశారు, వలబుడగని వాటేసుకుని ఉంది. పడవమీద మంచు పేరుకుని పక్కకి ఒరిగి తిరగబడిందట. గిస్కె దొరకలేదు. ఇవాళ్టికి పదకొండు రోజులు, ఇంకా దొరకలేదు.

తోకుజి మరునాడే వెళ్ళి అధికారుల దగ్గర అంతా రాసిచ్చాడు. కొట్టుకి తాళం వేశాడు. రోజంతా కిటికీ దగ్గర కూర్చుంటాడు. అరగంటకి మూడు నిమిషాలని గొడవపెట్టిన నాకు ఇప్పుడు ఇల్లంతా పగలంతా నిశ్శబ్దమే. మిసావో సంఖ్య రద్దు కాగితంమీద తనే సంతకం పెట్టి తనే తీసుకెళ్ళి ఇచ్చింది. తర్వాత అన్నం ముద్దలు చేసి ఆసుపత్రికి బయల్దేరింది. నన్నూ రమ్మంది. దారిలో ఒకటే మాట అంది, "నువ్వు చెప్పు వదినా, నావల్ల కాదు."

ఫుసా మంచంమీద కాకిపిల్లంత అయిపోయింది. వేళ్ళకి కట్లు. నన్ను చూడగానే లేవబోయింది.

"అక్కా, మీరు వినబట్టే నేనున్నాను," అంది. "ఆవేళ పొద్దున సంఘం దగ్గరికి మీ కాగితం కోసం వెళ్ళారాయన. తలుపుకి లేదు. 'కాగితం లేదంటే చెప్పేదేం లేదన్నమాట, ఇవాళ సముద్రం మంచిదే' అన్నారు. నవ్వారు కూడా."

కాగితం. నా వంటింట్లో, ఉల్లితొక్కల కింద ఉన్న కాగితం.

"మీట నొక్కినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆయన, 'ఎందుకే ఏడుస్తావు, చిసె అక్క అక్కడే ఉంటుంది, మొదటి పిలుపుకే వింటుంది' అన్నారు. నీళ్ళలో కూడా నా చెయ్యి వదల్లేదు. చాలాసేపు వదల్లేదు. పడవల పొగ కనపడిందక్కా మాకు. 'అదుగో వస్తున్నారు' అన్నాను. చూస్తే చెయ్యి లేదు. అప్పుడే. పడవలు మాదాకా రావడానికి ఓ పది నిమిషాలు ఉంటుందేమో, అంతే."

పన్నెండు. నాకు లెక్క తెలుసు. ఒంటిగంట నలభై ఒకటి నుంచి యాభై మూడు దాకా, పన్నెండు.

మిసావో గుమ్మం దగ్గర అన్నం ముద్దల పొట్లం పట్టుకుని నిలబడింది. లోపలికి రాలేదు. ఫుసా కట్లుకట్టిన చేతులతో నా చెయ్యి వెతికి పట్టుకుంది.

"ఒక్కటి చెప్పక్కా. పగలూ రాత్రీ అదే నా మనసులో తిరుగుతోంది. మీరు ఎన్నో పిలుపుకి విన్నారు?"

చెప్పాలనే వచ్చాను. దారంతా మాటలు కూడబలుక్కుంటూ వచ్చాను. ఆమె కళ్ళు నా మొహంమీదే ఉన్నాయి.

"మొదటి పిలుపుకే విన్నాను," అన్నాను.

అది అబద్ధం కాదు.

"ఆయన అన్నదే నిజమైంది," అని ఫుసా కళ్ళు మూసుకుంది. నా చెయ్యి మాత్రం వదల్లేదు.